ఏడాదికని చేసిన చట్టం, వందేళ్ళ ఆనకట్ట

1952 జనవరిలో బెజవాడ జనం మొదటిసారి వయోజన ఓటు వేశారు. అదే ఏడు కృష్ణ ఆనకట్టకు గండి పడింది. ఈ రెండు సంగతుల్నీ ఒకచోట పెట్టి ఎవరూ చెప్పరు. మొదటిది రాజకీయ చరిత్రలోకి పోయింది, రెండోది ఇరిగేషన్ శాఖ ఫైళ్ళలోకి పోయింది. నాకు మాత్రం రెండూ ఒకే కథలాగా కనిపిస్తాయి. కొత్త రిపబ్లిక్కు మొదటి పదేళ్ళలో దేనితో కుస్తీ పట్టిందో తెలియాలంటే ఢిల్లీ ఉపన్యాసాల కన్నా ఓటరు జాబితా, ఆనకట్ట, కంట్రోలు బియ్యం, అణాపైసల లెక్క ఎక్కువ చెబుతాయి.

దేశ విభజన, సంస్థానాలు, కాశ్మీరు పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. అవి చిన్న కష్టాలని నేననడం లేదు. సంస్థానాల గొడవ బెజవాడ గుమ్మం దాకా వచ్చింది కూడా. శరణార్థి అనగానే మనకు పంజాబే గుర్తొస్తుంది గానీ, 1947-48లో రజాకార్ల భయంతో సరిహద్దు దాటి కృష్ణా, గుంటూరు జిల్లాలకు వచ్చిపడ్డ తెలంగాణ కుటుంబాలు తక్కువేమీ కావు. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు మీదికి కదిలిన సైన్యంలో ఒక పాయ బెజవాడ వైపు నుంచే సూర్యాపేట దారి పట్టింది. 17 నాటికి నిజాం లొంగిపోయాడు. అంటే అయిదు రోజుల పని. కాని ఊరూరా ఇల్లిల్లూ తిరిగి ఓటర్ల పేర్లు రాసుకోవడం అయిదు రోజుల్లో అయ్యే పని కాదు. అసలు కష్టం అలాంటి పనుల్లోనే ఉంది.

కాపురం ఉంటూనే ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టుకోవడం ఎలా ఉంటుందో అలా ఉంది అప్పటి పరిస్థితి. రాజ్యాంగంలో 395వ అధికరణం 1935 నాటి భారత ప్రభుత్వ చట్టాన్ని, 1947 నాటి స్వాతంత్ర్య చట్టాన్ని రద్దు చేసింది. 372వ అధికరణం మాత్రం, మిగతా పాత చట్టాలన్నీ మార్చేదాకా, రద్దుచేసేదాకా అలాగే నడుస్తాయంది. కాబట్టి 1950 జనవరి 26 ఉదయం బెజవాడ పోలీసు స్టేషన్లో జెండా మారింది గాని బల్ల మీద ఉన్నది 1860 నాటి శిక్షాస్మృతి, 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడే. గ్రామంలో శిస్తు వసూలు చేసే మునసబు అదే, భూమి లెక్కలు రాసే కరణం అదే, చింపిరి దస్తరం అదే. ఇదంతా ద్రోహమని అప్పట్లో అన్నవాళ్ళున్నారు, ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ మర్నాడు శిస్తు ఎవరు వసూలు చేస్తారు, కాలవకు నీళ్ళు ఎవరు వదులుతారు అన్న ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబు లేదు. అసలు పేచీ వేరే చోట ఉంది: ఉంచుకున్న పాత సామానులో ఏది త్వరగా మార్చారు, ఏది మార్చలేదు, ఎందుకు మార్చలేదు?

ముందు ఓటరు జాబితా సంగతి. 1935 చట్టం కింద ఓటు కావాలంటే ఆస్తో, పన్నో, చదువో చూపించాలి. కొత్త జాబితాకు 21 ఏళ్ళు నిండితే చాలు. మొత్తం పెద్దల పేర్లన్నీ రాయాలన్న పని 1948లోనే, అంటే రాజ్యాంగం ఇంకా ముసాయిదాగా ఉండగానే, మొదలైంది. ఒక చోట 180 రోజులు నివాసం ఉండాలని షరతు. శరణార్థికి 180 రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకని ఆ ఊళ్ళో స్థిరపడదలచుకున్నానని ప్రకటన ఇస్తే రాసుకోమన్నారు. ఇలాంటి చిన్న సవరణలో ఎంత తెలివి ఉందో రెవెన్యూ ఆఫీసులో ఒక్కసారైనా క్యూ కట్టినవాళ్ళకు తెలుస్తుంది.

రాయాల్సింది కరణం. అప్పటిదాకా ఆయన రాసిన పేర్లన్నీ భూమి ఉన్నవాళ్ళవి. అడంగల్లో పేరు ఉందంటే వెనకాల సర్వే నంబరు ఉంటుంది. ఇప్పుడు ఏ నంబరూ లేని పాలేరు పేరు, అతని భార్య పేరు కూడా రాయాలి. మన ఇళ్ళలో మొగుడు పెళ్ళాన్ని పేరుపెట్టి పిలవడు, ఆవిడా పిలవదు. బయటి మనిషికి చెప్పాల్సివస్తే “మా ఇంట్లోవాళ్ళు” అంటాడు. జాబితాకు “ఇంట్లోవాళ్ళు” పనికిరాదు. ఉత్తరాదిన ఈ తంటా మరీ ముదిరింది. ఫలానా ఆయన భార్య, ఫలానా ఆయన కూతురు అని మాత్రమే రాయించుకున్న ఆడవాళ్ళ పేర్లు దాదాపు 28 లక్షలు. సొంత పేరు చెప్పకపోతే కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టాడు, ఆ పేర్లు కొట్టేయించాడు. తిట్లు తిన్నాడు. చేసింది సబబే అని నా అభిప్రాయం. “ఫలానా ఆయన భార్య”కు ఒకసారి ఓటు ఇస్తే ఇక ఆ మనిషికి పేరెప్పుడూ రాదు. 1957 ఎన్నికల నాటికి ఆ పేర్లలో చాలావరకు సొంత పేర్లతో జాబితాకెక్కాయి.

జాబితా తయారైంది: 17 కోట్ల 30 లక్షల పైచిలుకు ఓటర్లు. అక్షరాలు వచ్చినవాళ్ళు దేశంలో అయిదుగురిలో ఒకరు కూడా లేరు. పేర్లు అచ్చువేసిన కాగితం వీళ్ళకెందుకు? అందుకని ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద కాడెద్దులు, కంకి కొడవలి, గుడిసె, చెట్టు, ఏదైతే అది. బయట అతికించిన బొమ్మ ఎవరైనా చించేసినా లెక్క తప్పకుండా పెట్టె లోపల కూడా అదే బొమ్మ. ఓటు కాగితం రూపాయి నోటంత ఉండేది. దాని మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు ఉండదు, వరస నంబరు మాత్రం ఉంటుంది. ఎడమచేతి చూపుడువేలికి చెరగని సిరా పెట్టించుకుని, తెర వెనక్కి వెళ్ళి నచ్చిన పెట్టెలో వేసి రావడమే.

వినడానికి చాలా తేలిక. అందులో ఎక్కడెక్కడ బెడిసిందో చూడండి. లోక్‌సభకు అయిదుగురు, అసెంబ్లీకి ఆరుగురు నిలబడ్డారనుకుందాం. ఒక్క పోలింగ్ గదికి 11 పెట్టెలు. ఏ పెట్టె ముందు నిండుతుందో తెలియదు గనక పైన ఇంకొన్ని. దేశం మొత్తానికి 20 లక్షలకు పైగా ఉక్కు పెట్టెలు చేయించాల్సి వచ్చింది ఇందుకే. అవి బండ్ల మీద, పడవల మీద ఊళ్ళకు చేరాలి, సీళ్ళు చెదరకుండా తిరిగి రావాలి. రెండోది, తెర వెనక ఏం జరుగుతుందో ఎవరికీ కనపడదు. కొందరు కాగితాన్ని పెట్టె చిల్లులో వెయ్యకుండా పెట్టె మీద పెట్టి దండం పెట్టి వచ్చేశారు. ఇది ఫరవాలేదు, అమాయకత్వం. కొందరు వేసినట్టు నటించి కాగితం జేబులో పెట్టుకుని బయటికి తెచ్చేవాళ్ళు. ఇది అమాయకత్వం కాదు. నంబరు తప్ప మరే గుర్తూ లేని కాగితం చేతులు మారితే, తర్వాత వెళ్ళిన మనిషి తనదీ, కొన్నదీ కలిపి ఒకే పెట్టెలో వేసినా పట్టుకోవడం కష్టం. మూడోది, జోడు నియోజకవర్గాలు. 489 లోక్‌సభ సీట్లకు నియోజకవర్గాలు 401 మాత్రమే: 314 చోట్ల ఒక్కొక్కరు, 86 చోట్ల ఇద్దరేసి, ఒకచోట ముగ్గురు. ఇద్దరు ఎన్నికయ్యే చోట ఓటరుకు రెండు కాగితాలిస్తారు, రెండూ వేరు వేరు పెట్టెల్లో వెయ్యాలి. నచ్చిన మనిషికే రెండూ వేస్తే ఒకటి చెల్లదు. “నా ఓట్లు రెండూ ఆయనకే” అని గర్వంగా చెప్పుకున్నవాడు ఒకటి పారేసుకున్నట్టే.

ఈ పెట్టెల పద్ధతిని 1957లో కూడా వాడారు. 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి అందరి పేర్లూ గుర్తులూ ఒకే కాగితం మీద అచ్చువేసి ముద్ర కొట్టే పద్ధతి తెచ్చారు. జోడు నియోజకవర్గాలను 1961లో చట్టం చేసి ఎత్తేశారు. తప్పు బయటపడింది, పదేళ్ళలో దిద్దుకున్నారు.

ఇక 1952 ఫలితం. మద్రాసు రాష్ట్రంలో 375 సీట్లలో కాంగ్రెసుకు 152. ప్రకాశం పంతులు అంతటివాడు మద్రాసులో ఓడిపోయాడు. బెజవాడ లోక్‌సభ సీటును, కమ్యూనిస్టుల మద్దతుతో ఇండిపెండెంటుగా నిలబడ్డ హరీంద్రనాథ్ చటోపాధ్యాయ గెలిచాడు. ఆయన హైదరాబాదులో పుట్టిన బెంగాలీ కవి, సరోజినీ నాయుడి తమ్ముడు. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీకి డెల్టాలో చుక్కెదురైతే ఆ లెక్కను లెక్కగా ఒప్పుకున్నారు. ఇది మామూలు విషయం అనిపిస్తే పక్కకు చూడండి. పాకిస్తాన్ రాజ్యాంగం 1956లో వచ్చి 1958లో పోయింది. వయోజన ఓటుతో దేశమంతటా ప్రత్యక్ష ఎన్నికలు 1970 దాకా జరగలేదు. బర్మాలో 1962లో సైన్యం కూర్చుంది. ఇండొనేషియాలో 1955లో ఎన్నికలు పెట్టి, రాజ్యాంగం రాయమని ఎన్నుకున్న సభను 1959లో రద్దు చేశారు.

ఆనకట్ట దగ్గరికి వద్దాం. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య 1852లో మొదలుపెట్టి 1855కి పూర్తిచేసిన గోడ అది. ఆర్థర్ కాటన్ ఆలోచన, దగ్గరుండి కట్టించింది ఛార్లెస్ ఓర్. నదిని ఆపడం దాని పని కాదు. నీటిమట్టాన్ని కాలువల తలుపులకు అందేంత ఎత్తుకు తీసుకురావడమే. ఇటు బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, అటు కొమ్మమూరు కాలువ దానితోనే బతికాయి. ఇసుక మీద కట్టిన ఇలాంటి గోడకు జబ్బు పైన పుట్టదు, కింద పుడుతుంది. వరదనీళ్ళు గోడ మీంచి దూకినచోట ఇసుక కోసుకుపోతుంది. అందుకని దిగువన రాళ్ళ పేర్పు వేస్తారు. అది ఏటా కొంత కుంగుతుంది, ఏటా రాయి తెచ్చి నింపాలి. మరోపక్క ఎగువ నీళ్ళు గోడ కిందుగా ఊరుతూ ఇసుకను కొద్దికొద్దిగా దిగువకు లాక్కుపోతాయి. పైకి గోడ నిక్షేపంలా కనిపిస్తుంది. కింద బోలు. పైగా తలుపుల్లేని గోడ గనక పెద్ద వరదొస్తే తీసి వదిలే సౌకర్యం లేదు.

గండి పడ్డాక అదే గోడకు అతుకు వేసి ఊరుకోవచ్చు. డబ్బు లేని రాజ్యానికి అదే తేలిక. అలా చెయ్యకుండా 1954లో కొత్త బ్యారేజీ మొదలుపెట్టి 1957 డిసెంబరుకు పూర్తిచేశారు: నీళ్ళు పోయే 70 ఖానాలు, ఒక్కోటి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు ఇనప తలుపులు, పైన రోడ్డు. ఈ నాలుగేళ్ళలో బెజవాడ ఏ రాజ్యంలో ఉందో గుర్తుందా? మొదలయ్యేటప్పటికి ఆంధ్ర రాష్ట్రం, పూర్తయ్యేటప్పటికి ఆంధ్రప్రదేశ్. గండి పడ్డప్పుడేమో మద్రాసు. మూడు ప్రభుత్వాల చేతులు మారిన పని ఆగకుండా నడిచిందంటే ఆ పాత పి.డబ్ల్యు.డి. (ప్రజాపనుల శాఖ) పద్ధతులు, పని కొలతలు రాసే ఆ పాత ఎంబుక్కులు, ఆ పాత టెండరు నిబంధనలే కారణం. పాతవన్నీ తగలేద్దామన్నవాళ్ళు ఇది ఆలోచించాలి.

బియ్యం గురించి క్లుప్తంగా. యుద్ధకాలపు కంట్రోళ్ళను 1947 చివర్లో సడలించారు, ధరలు మండాయి, 1948లో మళ్ళీ బిగించారు. డెల్టా జిల్లాలు మిగులు జిల్లాలు కనుక ఇక్కడ సేకరించి మలబారు వంటి లోటు ప్రాంతాలకు పంపాలి. సేకరణ ధరకూ దొంగబజారు ధరకూ తేడా ఎంత ఉంటే పాతర్లలోకి అంత ధాన్యం పోయేది. ఎవరింట్లో మిగులెంతో తేల్చేది మళ్ళీ కరణం, మునసబే. జిల్లా దాటించడానికి పర్మిటు, పర్మిటు కోసం చెయ్యి తడపడం. 1952 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ కంట్రోలు ఎత్తేశాడు. అది ఆయన మొండి సాహసమని పొగుడుతారు గాని, తర్వాతి రెండేళ్ళూ దేశంలో పంటలు బాగుండకపోతే ఆయన కథ వేరుగా ఉండేది.

ఇంతవరకు మంచి మాటలే చెప్పాను. ఇప్పుడు నా అసలు పేచీ.

1950 ఫిబ్రవరిలో, రాజ్యాంగం అమల్లోకి వచ్చి నెల తిరిగిందో లేదో, ముందస్తు నిర్బంధ చట్టం చేశారు. విచారణ లేకుండా మనిషిని లోపల వెయ్యొచ్చు. ఆ చట్టంలోనే ఇది 1951 ఏప్రిల్ 1తో చెల్లిపోతుందని రాశారు. తెలంగాణ సాయుధ పోరాటం, కృష్ణా గుంటూరు జిల్లాల్లో పోలీసు క్యాంపులు, మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం, ఇదీ నేపథ్యం. ఏడాదికే కదా అన్నారు. మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకెక్కాడు. 1950 మే 19న కోర్టు చట్టాన్ని మొత్తం మీద నిలబెట్టి, నిర్బంధానికి కారణాలు బయటపెట్టకూడదన్న 14వ సెక్షన్ను మాత్రం కొట్టేసింది. ఏడాదికన్న చట్టాన్ని పొడిగించారు, మళ్ళీ పొడిగించారు, ఇంకోసారి పొడిగించారు. చివరికి అది చచ్చింది 1969 డిసెంబరు 31న. రెండేళ్ళు తిరక్కుండా 1971లో అలాంటి నిర్బంధ చట్టమే ఇంకొకటి, మీసా, వచ్చింది.

రొమేష్ థాపర్ కేసూ మద్రాసుదే. బొంబాయిలో అచ్చయ్యే ఆయన వారపత్రిక మద్రాసు రాష్ట్రంలో అడుగుపెట్టకూడదని ఇక్కడి ప్రభుత్వం నిషేధిస్తే, గోపాలన్ తీర్పు వచ్చిన వారానికే కోర్టు దాన్ని కొట్టేసింది. కాలేజీ సీట్లను కులాల వారీగా పంచే మద్రాసు జీవోను కొట్టేస్తూ చంపకం దొరైరాజన్ కేసు తీర్పు 1951 ఏప్రిల్‌లో వచ్చింది. వీటన్నిటికీ కలిపి జవాబుగా 1951 జూన్ 18న మొదటి సవరణ చేశారు. రాజ్యాంగానికి అప్పటికి పదిహేడు నెలలు నిండలేదు. చేసింది తాత్కాలిక పార్లమెంటు, వయోజన ఓటుతో ఎన్నికైన ఒక్క సభ్యుడూ లేని సభ. ఆర్నెల్లు ఓపిక పడితే ఎన్నికలు.

ఆ సవరణను గంపగుత్తగా తిట్టడం కూడా న్యాయం కాదు. జమీందారీ రద్దు భాగం అవసరమే. కోర్టులు కొట్టెయ్యకుండా రక్షణ ఇచ్చే తొమ్మిదో షెడ్యూల్లో పెట్టిన మొదటి 13 చట్టాల్లో రెండు మద్రాసువి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద ఎస్టేటును స్వాధీనం చేసుకుంటే సరిపోదు. 66 అడుగుల గొలుసు పట్టుకుని పొలం పొలం కొలవాలి, గెట్టురాళ్ళు పాతాలి, పది చదరపు గొలుసులు ఒక ఎకరం లెక్కన విస్తీర్ణం కట్టాలి, జమీందారు ఠాణాలోని పాత లెక్కతో పోల్చాలి, అప్పుడు గాని రైత్వారీ పట్టా రాదు. మధ్యలో ఒక్క కోర్టు స్టే పడితే ఆ ఊరి పని నిలిచిపోతుంది. దానికి రక్షణ పెట్టడం అర్థమవుతుంది. రిజర్వేషన్లకు 15(4) చేర్చడమూ అర్థమవుతుంది. వాక్ స్వాతంత్ర్యం మీద “పబ్లిక్ ఆర్డర్” పేరుతో కొత్త కళ్ళెం వెయ్యడం మాత్రం, అధికారంలో ఉన్నవాళ్ళకు సుఖంగా ఉంటుందని చేసిన పని. ఆంక్షలు సహేతుకంగా ఉండాలన్న మాట కూడా అదే సవరణలో పెట్టారు గనక కొంత నయం.

ఇక్కడే నా లెక్క తేలుతుంది. ఆనకట్ట పగిలితే ఊరంతా చూస్తుంది, అయిదేళ్ళలో మారింది. పెట్టెల పద్ధతిలో మోసం జరిగితే ఓడినవాడు గగ్గోలు పెడతాడు, పదేళ్ళలో మారింది. నిర్బంధ చట్టం వల్ల నష్టపోయినవాడు జైల్లో ఉంటాడు, అతని గోడు ఊరికి వినపడదు. సర్కారుకు మాత్రం ఆ చట్టం చేతికందిన కర్ర. అందుకే 19 ఏళ్ళు నిలిచింది. తాత్కాలికమన్నవన్నీ ఒకే బాపతు కాదు. ఎస్సీ, ఎస్టీల చట్టసభ సీట్ల రిజర్వేషన్ కూడా మొదట పదేళ్ళకే పెట్టారు, పదేళ్ళకోసారి పొడిగిస్తున్నారు. దానికి ప్రతిసారీ రాజ్యాంగ సవరణ కావాలి, సభలో మూడింట రెండొంతులు కావాలి. నిర్బంధ చట్టం పొడిగింపుకు మామూలు మెజారిటీ చాలు.

మంచిగా గడిచిన గండం ఒకటి చెప్పకపోతే అన్యాయం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్షతో చనిపోతే గాని ఢిల్లీ కదల్లేదన్నది మాయని మచ్చే. రాజధాని కర్నూలులో కొన్ని ఆఫీసులు డేరాల్లో, హైకోర్టు గుంటూరులో. 1954 జూలై 5న గుంటూరులో కోర్టు తెరిచారు, 1956లో హైదరాబాదుకు మూటాముల్లే సర్దారు. ఖజానా లోటు, పైగా మద్రాసు నుంచి వచ్చిన మద్యనిషేధం వల్ల ఆబ్కారీ ఆదాయం సున్నా. ఆ నిషేధం గొడవలోనే 1954 నవంబరు 6న ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన పెట్టారు, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు పెట్టారు, మార్చి 28న గోపాలరెడ్డి మంత్రివర్గం వచ్చింది. ఏడాది నిండిన పసిగుడ్డు రాష్ట్రం కూలిపోయి అయిదు నెలల్లోపే లేచి నిలబడింది.

నాణేల మార్పు కూడా అలాగే నెగ్గుకొచ్చారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలయ్యాయి. అంతకుముందు 16 అణాలు, 192 పైలు. అణాకు సరిగ్గా ఆరుంపావు నయాపైసలు వస్తాయి, పావు పైసా నాణెం లేదు. అందుకని అణాకు 6, బేడకు (రెండణాలకు) 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక ఇచ్చారు. అణా సరుకు పదహారుసార్లు విడివిడిగా కొంటే 96 పైసలే, అంగడివాడికి నాలుగు నష్టం. అదే మూడణాల సరుకైతే మనకు నష్టం. కొట్ల దగ్గర తగువులు పుట్టేది ఈ తేడాతోనే. అందుకే పాత అణాలను ఒక్కసారిగా చెల్లవనకుండా కొన్నేళ్ళు రెంటినీ కలిపి నడవనిచ్చారు. వీశ పోయి కిలో రావడానికి 1958 నుంచి 1962 దాకా పట్టింది. వీశ అంటే 120 తులాలు, కిలో నాలుగు వందల గ్రాముల దాకా. మిర్చి, పొగాకు వ్యాపారం మణుగుల్లో, బారువాల్లో నడిచే గుంటూరులో ఆ వ్యవధి లేకపోతే యార్డులో కాటా దగ్గర రోజూ కొట్లాటే.

ఇంతకీ ఈ కథంతా మోసిన కరణం, మునసబుల మాట మిగిలిపోయింది. వాళ్ళ పదవులు వంశపారంపర్యం, 1895 నాటి మద్రాసు చట్టం ప్రకారం. పుట్టుకను బట్టి ఉద్యోగమిస్తే, సర్కారు ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశమన్న 16వ అధికరణం ఎలా ఒప్పుకుంటుంది? ఆ ప్రశ్న వేసింది గుంటూరు జిల్లా మనిషే. ఊరు రెండుగా చీలితే కొత్త మునసబును పాత మునసబు కుటుంబం నుంచే తేవాలన్న సెక్షన్ను సుప్రీంకోర్టు 1960లో కొట్టేసింది. అయినా ఏ పార్టీకైనా ఊళ్ళో కరణం కావాలి, కాబట్టి కుర్చీలు కదల్లేదు. 1984 జనవరి 6 ఆర్డినెన్సుతో గాని వాళ్ళ చేతిలోంచి దస్తరాలు రాలేదు. అప్పటికి బెజవాడలో కొత్త బ్యారేజీకి 26 ఏళ్ళు నిండాయి.